లోహశిల్పమునకు టిగ్ వెల్డింగు యంత్రమును ఎన్నుకొనుట

సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము



సాహిత్యమునకును సంగీతమునకును వెలసిన ఈ వేదికపై వెల్డింగు యంత్రమును గురించి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మన ఊరు ఎట్టిదో ఒక్కసారి స్మరించినచో ఆ వింత నిలువదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇచ్చట స్టేషను నిర్మించి, పిదప పెద్ద కార్ఖానాను నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగు కుటుంబములు వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడినవి. వారు తమ వెంట తెచ్చుకొన్నవి రెండు: ఒకటి భాష, రెండవది చేతిపని. భాషను కాపాడుకొనుటకు పాఠశాలలు, సంఘములు, పండుగలు కలవు. చేతిపనికి అట్టి ఆలంబనము లేదు. పదవీ విరమణ దినమున పూలమాల వేసి ఇంటికి పంపుదుము. ఆనాటితో ఆ చేతి నేర్పు కార్ఖానా గేటు లోపలనే నిలిచిపోవును. ముప్పది యేండ్లు ఇనుమును అతికిన చేతికి ఆ మరునాటి నుండి పని లేకుండుట ఆ కుటుంబమునకే కాదు, మన సమాజమునకే నష్టము.

ఇటీవల మనలో కొందరు విరామకాలమున లోహశిల్పము చేయవలెనను కోరికతో, "టిగ్ యంత్రము కొనదలచితిమి, ఏది కొనవలెను?" అని అడుగుచున్నారు. ఉద్యోగకాలమంతయు కూడబెట్టిన సొమ్ములో కొంత దీనికి వెచ్చింపబోవువారు వీరు. ఎన్నిక తప్పినచో యంత్రము మూలబడుటయే కాక, దానితోపాటు ఆ కోరికయు మూలబడును. కావున ఈ ప్రశ్నకు కొంత వివరముగా సమాధానము చెప్పదలచితిని.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటియే. యంత్రమును ముందుగా ఎన్నుకొనరాదు. శిల్పమును ముందుగా ఎన్నుకొనవలెను. ఏ శిల్పమో తెలిసినచో ఏ లోహమో తెలియును. లోహమును దాని మందమును తెలిసినచో ఎంత విద్యుత్తు కావలెనో తేలును. అంతట యంత్రము తనంతట తానే నిర్ణయమగును.

లోహశిల్పమునకు రెండు మార్గములు కలవు. మొదటిది పోత. మన దేవాలయములలోని పంచలోహ విగ్రహములు, ఈ వంగదేశమున బాంకురా జిల్లా బిక్నా గ్రామపు డోక్రా బొమ్మలు, మన ఆదిలాబాదు డోక్రా పనులు ఈ తెగకు చెందినవి. మైనముతో రూపు చేసి, మట్టి కప్పి, మైనమును కరగించి, ఆ ఖాళీలో లోహమును పోయుదురు. వంగదేశపు శిల్పి మీరా ముఖర్జీ బస్తరు లోహకారుల వద్ద ఈ విద్యను అభ్యసించి తన శిల్పములకు ఉపయోగించినది. రెండవ మార్గము అతుకు. రేకులను, కడ్డీలను, వాడి పారవేసిన భాగములను ఒకదానికొకటి అతికి రూపము తెచ్చుట. ఇది ఇరువదవ శతాబ్దిలో పుట్టిన మార్గము.

ఈ రెండవ మార్గము చిత్రశాలలలో పుట్టలేదు, కార్ఖానాలలో పుట్టినది. స్పెయిను దేశీయుడగు జూలియో గొంజాలెజ్ 1918లో పారిస్ సమీపమున రెనో మోటారు కార్ఖానాలో గ్యాసు వెల్డింగు నేర్చెను. 1928 నుండి పికాసో తన ఇనుప శిల్పములకై ఇతని సాయమును పొందెను. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ యౌవనమున స్టూడీబేకరు మోటారు కార్ఖానాలో పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున స్కెనెక్టడీ పట్టణములోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీలో వెల్డరుగా ఉండెను. ఈ కంపెనీయే మనవారు నోరార "ఆల్కో" అని పిలుచునది. 1962లో మన దేశమునకు వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2 డీసెలు ఇంజను వారిదే. 1964 నుండి వారణాసిలో తయారైనదియు ఆ నమూనాయే. ఆల్కో ఇంజనుల మీద జీవితము గడపిన మన లోకోషెడ్డు కార్మికునకును, స్టెయిన్‌లెస్ ఉక్కుతో "క్యూబీ" శిల్పములను నిర్మించిన ఆ మహాశిల్పికిని గల చుట్టరికము ఇట్టిది.

అంత దూరము పోనక్కరలేదు. తెనాలిలోని సూర్యశిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి కుమారుడు రవిచంద్ర గారు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహములు చేయుచు ప్రసిద్ధికెక్కిరి. సుమారు 75,000 ఇనుప నట్లతో వారు పది అడుగుల గాంధీ విగ్రహమును నిర్మించిరి. ఒక్కొక్క నట్టును తీసి, శుభ్రపరచి, నిలిపి, అతుకుటకు నిమిషము చొప్పున లెక్కించినను 1,250 గంటలగును. దీనినిబట్టి, ఏ పద్ధతిలో అతుకు వేయుదుమన్నది ఎంత ముఖ్యమో ఊహింపుడు.

ఇంట చేయదగిన విద్యుత్ వెల్డింగులు మూడు. మొదటిది మన కార్ఖానాలలో అందరు ఎరిగిన రాడ్డు వెల్డింగు. రాడ్డు తానే కరగి అతుకులో చేరును. దానిపై పూత కాలి పొగయై కరగిన లోహమును గాలి నుండి కాపాడును. రెండవది మిగ్. తుపాకివంటి పిడి నుండి సన్నని తీగ నిరంతరముగా వచ్చుచుండును. పని వేగముగా సాగును. మూడవది టిగ్. దీనిలో ఆర్కును పుట్టించునది టంగ్‌స్టన్ ముల్లు. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరగదు గనుక అది అతుకులో చేరదు. ముల్లు చుట్టును ఆర్గాన్ వాయువు ప్రవహించి గాలిని తొలగించును. లోహము చాలనిచోట రెండవ చేతితో సన్నని కడ్డీని అందింతుము.

ఈ వర్ణన వినగానే మీకు మన కంసాలి జ్ఞప్తికి రావలెను. ఊదుగొట్టముతో మంటను ఒకవైపు నిలిపి, రెండవ చేతితో టంకమును అందించునది ఆతడే గదా. టిగ్ కూడ అట్టిదే. వేడి ఒక చేతిలో, లోహము మరియొక చేతిలో ఉండుటచే రెండింటిని వేరువేరుగా అదుపు చేయవచ్చును. నిప్పురవ్వలు ఎగయవు, చిట్టెము కట్టదు, అతుకు సన్నగా చక్కగా వచ్చును. 1941 ప్రాంతమున అమెరికాలోని నార్త్రప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరెడిత్ మెగ్నీషియము భాగములను అతుకుటకై హీలియముతో దీనిని రూపొందించెను. తరువాత ఆర్గాన్ వాడుకలోనికి వచ్చెను.

అయితే టిగ్‌కు రెండు గుణములు కలవు. వానిని కొనుటకు ముందే ఎరుగవలెను. ఇది నెమ్మదైన పద్ధతి. ఇది మిక్కిలి శుచిని కోరును. త్రుప్పు, నూనె, రంగు ఏ కొంచెమున్నను అతుకులో బుడగలు లేచును, ముల్లు చెడును. కాని తుక్కు ఇనుము శుచి ఎరుగదు. కావున పాత నట్లు, గొలుసులు, పళ్లచక్రములతో శిల్పము చేయదలచినవారికి టిగ్ ముఖ్యసాధనము కాదని నిస్సంకోచముగా చెప్పుచున్నాను. వారికి 200 ఆంపియర్ల మంచి రాడ్డు వెల్డింగు ఇన్వర్టరు చాలును. అట్టి ఇన్వర్టరులలో కొన్నింటికి ముల్లును తాకించి పైకెత్తినంతనే ఆర్కు పుట్టు "లిఫ్టు టిగ్" సదుపాయము కలదు. మున్ముందు టార్చియు సిలిండరును తెచ్చుకొని అదే యంత్రముపై టిగ్ నేర్చుకొనవచ్చును.

టిగ్ ఎవరికి తగును? పలుచని రేకుతో పక్షిరెక్కలు, పూరేకులు చేయువారికి. స్టెయిన్‌లెస్ ఉక్కుతో మెరుగు శిల్పము చేయువారికి. అతుకు కంటికి కనబడుచునే అందగింపవలెనని కోరువారికి. వారు కొనునప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: ఏ లోహము? మెత్తని ఇనుము, స్టెయిన్‌లెస్ ఉక్కు, రాగి డి.సి. అనబడు ఏకముఖ ప్రవాహముతో అతుకును. అల్యూమినియమునకు మాత్రము ఎ.సి. ప్రవాహము కావలెను. ఏలయన, అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును గాని, దానిపై ఎల్లప్పుడు ఏర్పడియుండు ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటినగాని కరగదు. దిశ మారుచుండు ప్రవాహమే ఆ పొరను చీల్చి తొలగించును. ఎ.సి., డి.సి. రెండును గల యంత్రము వెల చాల హెచ్చు. అల్యూమినియము చేయు నిశ్చయము లేనివారు ఆ హెచ్చు సొమ్మును మంచి శిరస్త్రాణమునకును, గాలి వెలుపలికి లాగు పంకాకును వెచ్చించుట మేలు. ఇత్తడి సంగతి వేరు. శ్రీకాకుళము జిల్లా బుడితి ఇత్తడి పాత్రలను ఎరిగిన మనవారికి దానిపై మక్కువ సహజము. కాని ఇత్తడిలోని తుత్తునాగము 907 డిగ్రీలకే మరగి ఆవిరియగును. దానిని కరగించి అతుకుటకంటె సిలికాన్ కంచు కడ్డీతో తక్కువ వేడిలో టంకము వలె కలుపుట మంచిది.

రెండవది: ఎంత మందము? ఇనుమునకు మిల్లీమీటరు ఒక్కింటికి సుమారు 40 ఆంపియర్లు అను మోటు లెక్క ఆచరణలో పనికివచ్చును. రెండు మిల్లీమీటర్లకు 80, మూడింటికి 120. అంతకు మందమైనచో అంచులను చెక్కి రెండు మూడు వరుసలుగా నింపవచ్చును. కావున శిల్పికి 160 మొదలు 200 ఆంపియర్లు చాలును. గరిష్ఠముకంటె కనిష్ఠమును గురించి హెచ్చుగా విచారింపుడు. పలుచని రేకును కాల్చి రంధ్రము చేయకుండ, పది ఆంపియర్ల వద్ద ఆర్కు వణకక నిలుచు యంత్రము శిల్పికి ఉత్తమము.

మూడవది: ఆర్కు ఎట్లు పుట్టును, ఎట్లు అదుపగును? ముల్లును తాకింపకయే మీట నొక్కినంతనే ఆర్కును పుట్టించు అధిక పౌనఃపున్య పద్ధతి శిల్పములోని ఇరుకు మూలలకు అనుకూలము. అయితే అది సమీపమునగల టెలివిజనులకు, కంప్యూటరులకు అలజడి కలిగింపవచ్చును. యంత్రమునకు పాదమీట తగిలించు వీలు ఉన్నదా అని తప్పక అడుగుడు. పాదముతో వేడిని పెంచుచు తగ్గించుచు పనిచేయుట కుట్టుమిషను తొక్కుట వంటిది. ఈ సభలోని సోదరీమణులలో పెక్కురకు ఆ పాదవిద్య ఇదివరకే అలవడినది. వారు దీనిని పురుషులకంటె శీఘ్రముగా నేర్చుకొందురని నా నమ్మకము.

నాల్గవది: ఎంతసేపు పనిచేయును? యంత్రముపై "200 ఆంపియర్లు, 60 శాతము" అని ఉన్నచో, పది నిమిషములలో ఆరు నిమిషములు ఆ ప్రవాహముతో పనిచేసి నాలుగు నిమిషములు విశ్రమింపవలెనని అర్థము. ఈ శాతము ఏ ఉష్ణోగ్రత వద్ద లెక్కించినదో అడుగుడు. మన ఊరి వేసవిలో నీడపట్టుననే 40 డిగ్రీలు దాటు దినములు కలవు. ఇచ్చటి ఎర్రమట్టి ధూళి ఇన్వర్టరు లోపలికి చేరి దానిని వేడెక్కించును. అప్పుడప్పుడు పొడిగాలితో ఊది శుభ్రపరుపవలెను.

అయిదవది: ఇంటి విద్యుత్తు దానిని మోయగలదా? సాధారణముగా మన ఇండ్లలోని పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లది. దాని నుండి లభించునది సుమారు 3.6 కిలోవాట్లు. మామూలు ఇన్వర్టరు యంత్రముపై 120 ఆంపియర్ల టిగ్ ఆర్కునకు ఆ సాకెట్టు నుండి 13 ఆంపియర్ల వరకు లాగవలసియుండును. అదే యంత్రముతో 200 ఆంపియర్ల రాడ్డు వెల్డింగు చేయబోయినచో సాకెట్టు తాళదు. కావున యంత్రమునకు ప్రత్యేకమైన తీగ, బ్రేకరు, గట్టి ఎర్తింగు ఉండవలెను. ప్రభుత్వ క్వార్టర్లలో నివసించువారు అనుమతి లేక తీగలు మార్చరాదు. క్వార్టరు వరండా వెల్డింగుశాల కాదు. పొరుగువారి పిల్లల కన్నులు అచ్చట ఉన్నవి.

ఆరవది: ఆర్గాన్ ఎచ్చట దొరకును? యంత్రము ఒక్కసారి కొందుము. గ్యాసు పలుమారులు కొందుము. ఏడు ఘనమీటర్ల సిలిండరులో 7,000 లీటర్లుండును. నిమిషమునకు ఎనిమిది లీటర్ల చొప్పున వాడినచో అది పదునాలుగు గంటల ఆర్కునకు మించి రాదు. సిలిండరు అద్దెకా, సొంతమా, నింపించుటకు ఎంత దూరము మోయవలెను, ఎవరు మోయుదురు అను విషయములను యంత్రము కొనక ముందే తేల్చుకొనుడు. అరువది యేండ్లు దాటినవారికి నిండు సిలిండరును కదల్చుట చిన్న పని కాదు.

ఉపకరణములలో మూడింటిని విశేషించి చెప్పెదను. టార్చి మెడ వంగునట్టిదైనచో శిల్పపు మడతలలోనికి పోవును. "గ్యాస్ లెన్స్" అను సన్నని జాలి అమర్చినచో వాయువు చెదరక ప్రవహించును. ముల్లును కొంత ముందుకు జరిపి లోతైన మూలలను అతుకవచ్చును. ముల్లు కొనునప్పుడు ఎర్రగుర్తు గల థోరియము ముల్లును విడిచి, నీలిగుర్తు గల రెండు శాతము లాంథనము ముల్లును తీసికొనుడు. థోరియము రేడియోధార్మికము, ముల్లును చెక్కునప్పుడు లేచు పొడి ఊపిరితిత్తులలో చేరరాదు.

దుకాణమునకు ఉత్త చేతులతో పోవలదు. మీరు శిల్పమునకు వాడబోవు రేకుముక్కలను తీసికొనిపోయి, అచ్చటనే అతికి చూపుమని అడుగుడు. ఆ యంత్రమును మరమ్మతు చేయువారు ఖరగ్‌పూర్‌లో గాని కలకత్తాలో గాని ఉన్నారా అని విచారింపుడు. పేరు గొప్పదై మరమ్మతు లేని యంత్రముకంటె, పేరు చిన్నదైనను విడిభాగములు దొరకు యంత్రము మేలు.

ఇక ఆరోగ్యము. ఈ భాగమును ఇంటివారు కూడ శ్రద్ధగా వినవలెనని ప్రార్థన. టిగ్‌లో పొగ తక్కువ గనుక అపాయము తక్కువని భ్రమపడవలదు. దాని ఆర్కు నుండి అతినీలలోహిత కిరణములు తీవ్రముగా వెలువడును. తెల్లగోడపై పడి తిరిగివచ్చిన వెలుగు కూడ కన్నును నొప్పించును. తనంతట చీకటియగు శిరస్త్రాణములలో చవుకరకములు కొన్ని, తక్కువ ఆంపియర్ల టిగ్ ఆర్కును గుర్తింపలేవు. కొనునప్పుడు ఆ సంగతి పరీక్షింపుడు. జస్తుపూత గల ఇనుమును అతికినచో ఆ పొగవలన చలిజ్వరము వచ్చును. స్టెయిన్‌లెస్ ఉక్కు పొగలోని క్రోమియము దీర్ఘకాలమున ప్రాణహాని చేయగలదు. క్లోరిన్ గల ద్రావకముతో లోహమును తుడిచి ఆర్కు వెలిగించినచో ఫాస్జీన్ అను విషవాయువు పుట్టవచ్చును. ఆర్గాన్ గాలికంటె బరువైనది. మూసిన గదిలో నేలమట్టమున నిండి ఊపిరికి గాలి లేకుండ చేయును. పంకాను అతుకుమీదికి త్రిప్పినచో ఆర్గాన్ చెదరును. కావున గాలిని వెలుపలికి లాగు పంకాను గోడకు అమర్చుడు. హృదయమునకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ యంత్రము దరికి పోరాదు.

శిల్పములకు సంబంధించిన జాగ్రత్తలు కొన్ని. స్టెయిన్‌లెస్ ఉక్కు వేడికి మెత్తని ఇనుముకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు వ్యాకోచించును. కావున ఒకచోటనుండి ఏకధాటిగా అతుకక, ఎదురెదురుగా చుక్కలు వేసికొని పిమ్మట నింపవలెను. బోలు శిల్పమును పూర్తిగా మూయునప్పుడు చిన్న రంధ్రము విడువనిచో, లోపలి వేడిగాలి కడపటి అతుకును చీల్చుకొని వచ్చును. బేరింగు గుండ్లు, స్ప్రింగులు, పట్టాలను బిగించు వంపు క్లిప్పులు గట్టి ఉక్కువి. వానిని చల్లగా నుండగా అతికినచో అతుకు ప్రక్కనే పగులును. ముందుగా కాచి, నెమ్మదిగా చల్లార్చవలెను.

క్లిప్పుల మాట వచ్చినది గనుక మరియొక మాట. రైల్వే తుక్కు మన కన్నులకు నిత్యము కనబడును. కనబడినది మనది కాదు. రైల్వే ఆస్తిని అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టము ప్రకారము నేరము. మొదటి నేరమునకే అయిదేండ్ల వరకు శిక్ష విధింపవచ్చును. ఒక్క క్లిప్పుయైనను రసీదు లేనిదే ఇంటికి తేరాదు. వేలములో చట్టబద్ధముగా కొన్నవారి వద్ద చీటీతో కొనుడు. లేదా మోటారు మరమ్మతుశాలల తుక్కు కొనుడు. జీవితమంతయు నిష్కళంకముగా కొలువు చేసి, ఒక బొమ్మకొరకు పింఛనుకు ముప్పు తెచ్చుకొనుట వివేకము కాదు.

ఇంతవరకు చెప్పినదానిని సంగ్రహించెదను. తుక్కు ఇనుముతో పెద్ద బొమ్మలు చేయువారు లిఫ్టు టిగ్ గల రాడ్డు ఇన్వర్టరు కొనుడు. పలుచని రేకు, స్టెయిన్‌లెస్ ఉక్కు చేయువారు తాకక ఆర్కు పుట్టించునది, పాదమీట గలది అగు డి.సి. టిగ్ యంత్రము కొనుడు. అల్యూమినియము చేయు నిశ్చయముగలవారు మాత్రమే ఎ.సి., డి.సి. యంత్రమును కొనుడు. ఏమి చేయుదురో ఇంకను తేలనివారు ఏదియు కొనవలదు. ఒక కాగితము, ఒక పెన్సిలు కొని ముందు బొమ్మ గీయుడు.

చివరగా సంఘ కార్యవర్గమునకు ఒక విన్నపము. ప్రతివారును వేరువేరుగా యంత్రము, సిలిండరు, చోటు సమకూర్చుకొనుట కష్టము. పదిమంది కలిసి, అనుమతి గల స్థలములో, సరియైన తీగలతో, పంకాతో ఒక్క చిన్న పనిశాల ఏర్పరచుకొన్నచో ఖర్చు పదోవంతగును, భద్రత పదిరెట్లగును. అంతకంటె ముఖ్యముగా, విరమించిన వెల్డరు ప్రక్కన మన కళాశాల విద్యార్థి నిలుచుండి ఆ చేయి ఎట్లు కదలునో చూడగలడు. పుస్తకములో చదివి నేర్వరానిది అట్లు చూచియే నేర్వవలెను. వచ్చే వార్షికోత్సవమున ఈ వేదిక ప్రక్కన మనవారి చేతిపనియగు ఒక్క లోహశిల్పమైన నిలుచునుగాక అని కోరుచున్నాను.